నగిషీ తలుపుకి డ్రిల్లు మిషన్ మాప్ ఇంట్లోనే చేసుకోవడం, కొలతలతో సహా

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివాను, ఫోటోలు కూడా పెద్దవి చేసి చూశాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం విషయం రెండు ముక్కల్లో చెప్తా. గన్నవరం దగ్గర కొత్త ఇల్లు, టేకు సింహద్వారం, దాని మీద పూర్ణకుంభం, తామరపూలు, రెండు పక్కలా నెమళ్ళు చెక్కించారు. ఉలి గాట్లు, నూగు అలాగే ఉన్నాయి. పాలిష్ వాళ్ళు నగిషీకి విడిగా ఎక్కువ అడిగారని తమ్ముడు తనే మొదలుపెట్టి 4 అంగుళాల గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ (ఎమరీ రెక్కలు అంటించిన చక్రం) వేస్తే ఒక నెమలి ముక్కు అరిగిపోయింది. ఇప్పుడు ఎమరీ క్లాత్ ముక్కలతో మాప్, అంటే పట్టీల చివరలు వేళ్ళలా చీల్చి ఇరుసుకి కుచ్చులా కట్టింది, చేసుకుని అదే గ్రైండర్‌కి పెట్టొచ్చా, బోల్టు ఏది, ముక్కలు ఎన్ని, గ్రిట్టు (గరుకు నంబరు, పెరిగేకొద్దీ గరుకు సన్నం) ఎంత అని అడుగుతున్నాడు.

ముందు గ్రైండర్ సంగతి. వద్దు. ఎంత మెల్లగా పట్టుకున్నా, స్పీడు తగ్గించే రెగ్యులేటర్ ఎవరైనా ఇస్తామన్నా వద్దు. మాప్ చేసుకో, కానీ డ్రిల్లు మిషన్‌కి చేసుకో. నేను ఏలూరులో తలుపుల పని, పాలిష్ పని కలిపి 22 ఏళ్ళుగా చేస్తున్నా, ఈ మాప్‌లు కొన్నవీ వాడాను, చేసుకున్నవీ వాడాను, నగిషీకి మాత్రం చేసుకున్నవే బాగుంటాయని చెప్తాను, ఎందుకంటే వేళ్ళ పొడవు, మెత్తదనం మన నగిషీ లోతుని బట్టి మనమే పెట్టుకోవచ్చు.

అసలు ఫ్లాప్ డిస్క్ నీ నెమలిని ఎందుకు తినేసిందో అర్థమైతే మాప్ ఎలా చెయ్యాలో సగం తెలిసిపోతుంది. ఫ్లాప్ డిస్క్‌కి వెనక గట్టి పళ్ళెం ఉంటుంది, అది వంగదు, గ్రైండరేమో నిమిషానికి 11,000 దాకా తిరుగుతుంది. వంగని వస్తువు ఎత్తుపల్లాల మీద తిరిగితే ముందు ఎత్తునే తింటుంది, పల్లంలోకి దిగనే దిగదు. నగిషీలో అందమంతా ఎత్తులోనే కదా ఉండేది, ముక్కు, కన్ను, రేకు అంచు. మాప్ పని దీనికి పూర్తిగా వేరు. వేళ్ళ లాంటి ముక్కలు ఎత్తు తగలగానే వంగి పక్కకి జారి పల్లంలోకి దిగి తుడుచుకుంటూ పోవాలి. మాప్ చెక్కని కొయ్యకూడదు, తుడవాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే స్పీడు ఎందుకు తక్కువ, వేళ్ళు ఎందుకు సన్నం, గుడ్డ ఎందుకు మెత్తన అన్నీ దాన్నించే వస్తాయి.

ముడిసరుకు దగ్గరకొద్దాం. ఉప్పు కాగితం అంటే కాగితం మీద గరుకు అంటించింది, అది దీనికి పనికిరాదు, రెండు నిమిషాల్లో చిరిగి ముక్కలు ముక్కలుగా ఎగురుతుంది. వాటర్ పేపర్ కూడా అంతే, అది కూడా కాగితమే. మనకి కావలసింది ఎమరీ క్లాత్ అని హార్డ్‌వేర్ షాపుల్లో అడిగేది, వెనక గుడ్డ ఉండేది. అందులో కూడా రెండు రకాలు, వెనక ప్రింటులో జె అనే అక్షరం ఉంటే పల్చటి మెత్తటి గుడ్డ, ఎక్స్ అని ఉంటే దళసరి గుడ్డ, అది బెల్టు మిషన్లకి, ఇనుము పనికి బాగుంటుంది గానీ నగిషీ మీద కర్రలా పొడుస్తుంది. అక్షరం కనపడకపోతే షాపులోనే ఒక మూలని పెన్సిలుకి చుట్టి చూడు, పెళపెళమని విరగకుండా ఒద్దికగా చుట్టుకుంటే తీసుకో. చెన్నైలో 1954లో మొదలైన కార్బొరండమ్ యూనివర్సల్ వాళ్ళ సరుకు, జాన్ ఓకే సరుకు మన దగ్గర ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, నేను రెండూ వాడతాను. గరుకు అల్యూమినియం ఆక్సైడ్‌ది చాలు చెక్కకి. జిర్కోనియా అని ఖరీదైనది చూపిస్తారు, అది ఇనుముని గట్టిగా నొక్కి కోసేటప్పుడు పనికొచ్చేది, నువ్వు ఇక్కడ నొక్కేదే లేదు కాబట్టి దానికి డబ్బులు దండగ.

గ్రిట్టు 120, 180, 320 మూడు కొనుక్కో. 80 అసలు కొనకు, 80 గీతలు రేకుల మధ్యలో పడితే వాటిని తియ్యడానికి మళ్ళీ ఇంకో రోజు.

ఇప్పుడు కొలతలు. షీటు మామూలుగా 230 మిల్లీమీటర్లు 280 ఉంటుంది. దాన్ని పొడుగు వైపు సగానికి, అంటే 140, అడ్డం వైపు అయిదు భాగాలు, అంటే 46 చొప్పున కోస్తే ఒక్క షీటుకి పది పట్టీలు వస్తాయి, ఒక్కొక్కటి 46 అడ్డం, 140 పొడుగు, తరుగు ఏమీ పోదు. కోసేటప్పుడు గుడ్డ వైపు పైకి పెట్టి స్టీలు స్కేలు అడ్డం పెట్టి కట్టర్ బ్లేడుతో కొయ్యి, గరుకు వైపు నించి కోస్తే బ్లేడు మొండిబారిపోతుంది, గరుకు కూడా అంచుల్లో రాలిపోతుంది. మీ ఆవిడ కుట్టు కత్తెర మాత్రం ముట్టుకోకు, ఒక్క షీటుకే అది బట్టకి పనికిరాకుండా పోతుంది.

ప్రతి పట్టీకి సరిగ్గా మధ్యలో 10 మిల్లీమీటర్ల బెజ్జం. దీనికి డ్రిల్లు బిట్టు వాడొద్దు, బెజ్జం చిరుగుతుంది, బిట్టు కూడా పోతుంది. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర తోలుకి బెజ్జాలు కొట్టే బోలు పంచ్ ఉంటుంది చూడు, ఆ రకం 10 సైజుది, 3 సైజుది కొనుక్కో, కింద అడ్డంగా చెక్క మొద్దు పెట్టి ఒక్క సుత్తి దెబ్బ వేస్తే శుభ్రమైన బెజ్జం. మధ్య బిందువు తప్పకుండా ఉండటానికి ముందు ఒక అట్ట మీదో పాత ఫార్మైకా ముక్క మీదో నమూనా చేసుకుని దాని ప్రకారమే అన్నీ గుర్తు పెట్టు. ఒక్క పట్టీ ఒక పక్కకి 2 మిల్లీమీటర్లు జరిగితే ఏమీ కాదు గానీ పది పట్టీలు ఒకే పక్కకి జరిగితే మిషన్ చేతిలో వణుకుతుంది, ఆ వణుకు చెక్క మీద అలల్లా కనపడుతుంది, అది పాలిష్ పడ్డాక గానీ బయటపడదు.

ఇక వేళ్ళు కొయ్యడం, దీని మీద కొంచెం ఎక్కువ చెప్తా. పట్టీ రెండు చివరల నించీ లోపలికి, 46 అడ్డంలో అయిదు కోతలు పెడితే ఒక్కో వేలు 7 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, ఇది తామర రేకులకి బాగుంటుంది. నెమలి ఈకల గీతల కోసం ఇంకో మాప్ చేసుకుంటే ఎనిమిది కోతలు పెట్టు, వేలు 5 అవుతుంది. కోత ఎంత లోపలికి అంటే, మధ్య బిందువు నించి 24 మిల్లీమీటర్ల దగ్గర ఆపెయ్యాలి, అంటే వేలు పొడుగు 46 దాకా వస్తుంది. కోత ఆగే ప్రతి చోటా ముందే 3 మిల్లీమీటర్ల పంచ్‌తో చిన్న బెజ్జం కొట్టి, కోత ఆ బెజ్జంలో కలిసేలా కొయ్యి. ఇది చాదస్తం అనిపిస్తుంది, నలభై పట్టీలకి నాలుగు వందల బెజ్జాలు, ఒక సాయంత్రమంతా పడుతుంది, కానీ ఈ పని ఎగ్గొట్టొద్దు. గుడ్డ మీద కోత పదునుగా ఆగిన చోటే చిరుగు మొదలవుతుంది, గుండ్రటి బెజ్జం ఉంటే లాగుడు చుట్టూ పంచుకుంటుంది, పాత పంచె చిరుగుతున్నప్పుడు అంచు మడిచి కుడితే ఆగినట్టు అక్కడే ఆగిపోతుంది.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. నా మొదటి మాప్‌కి కోతలు వాషర్ కిందదాకా తిన్నగా కోసేశాను, ఇరుసుకి హార్డ్‌వేర్ షాపులో దొరికే 8 మిల్లీమీటర్ల త్రెడ్ రాడ్డు 150 పొడుగుది పెట్టాను, ట్రిగ్గరు పూర్తిగా నొక్కేశాను. అర నిమిషంలో రెండు వేళ్ళు మొదట్లోకి చిరిగి ఊడిపోయి ఒకటి కనుబొమ్మ మీద తగిలింది, మూడు కుట్లు పడ్డాయి, కన్నుకి అర అంగుళం పైన. బరువు ఒక పక్కకి పోవడంతో సన్నటి పొడుగాటి రాడ్డు కూడా చక్ (బిట్టుని పట్టుకునే డ్రిల్లు మూతి) దగ్గర వంగింది. ఆ రోజు కళ్ళజోడు పెట్టుకోలేదు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా పెట్టుకోకుండా చెయ్యలేదు.

ఇరుసు సంగతి. అన్నిటికంటే మంచిది ఆటోనగర్‌లో ఏదైనా లేత్ షాపుకి వెళ్ళి చేయించుకోవడం, నీకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే. 16 మిల్లీమీటర్ల బ్రైట్ రాడ్డు ముక్క తీసుకుని, వెనక 40 మిల్లీమీటర్లు నున్నగా 10 కి తియ్యమను, అది డ్రిల్లు చక్‌లోకి పోతుంది, తర్వాత 6 మిల్లీమీటర్లు అసలు 16 సైజులోనే కాలర్‌లా వదిలెయ్యమను, ఆ ముందు 60 మిల్లీమీటర్లు 10 కి తీసి ఎం10 త్రెడ్ వెయ్యమను. చిన్న పని, పెద్దగా ఖర్చవదు, జన్మకి సరిపోతుంది. నీ డ్రిల్లు 13 ఎంఎం చక్‌దైనా 10 ఎంఎం చక్‌దైనా పడుతుంది.

ఆ కాలర్ ఎందుకంత ముఖ్యమో చెప్తా. డ్రిల్లు ఫార్వర్డ్‌లో తిరిగేటప్పుడు చెక్క ఈ పట్టీల కట్టని వెనక్కి లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు ముందున్న నట్టుని బిగిస్తుంది, వెనకున్న నట్టునేమో వదులు చేస్తుంది. ఫుల్ త్రెడ్ బోల్టు మీద ముందొక నట్టు వెనకొక నట్టు పెట్టి చేస్తే కట్ట మొత్తం మెల్లగా చక్ వైపు నడుచుకుంటూ వచ్చేస్తుంది, చాలామంది నట్టు సరిగ్గా బిగించలేదేమో అనుకుని మళ్ళీ మళ్ళీ బిగిస్తుంటారు, అది బిగింపు తప్పు కాదు. కాలర్ ఉంటే వెనక నట్టే అక్కర్లేదు. లేత్ షాపు కుదరకపోతే తల కోసేసిన ఫుల్ త్రెడ్ ఎం10 బోల్టుకి వెనక నట్టుని వెల్డింగ్ షాపులో రెండు టాకాలు వేయించుకో, చక్‌లోకి పోయే త్రెడ్‌ని మూడు వైపులా ఆకురాయితో చదును చెయ్యి, లేకపోతే చక్ పళ్ళు త్రెడ్ మీద జారి త్రెడ్డూ పోతుంది, చక్కూ పాడవుతుంది. పైన చెప్పిన లాగుడు వల్లే మాప్‌ని రివర్స్‌లో తిప్పొద్దు, ముందు నట్టు వదులవుతుంది. ముందు నట్టు కూడా నైలాక్ నట్టు వెయ్యి, లోపల నైలాన్ రింగు ఉంటుంది కాబట్టి వణుకుకి వదులవదు, విప్పి బిగించి విప్పి బిగించి రింగు అరిగాక కొత్తది మార్చు.

కట్ట పేర్చడం ఇలా. రెండు పట్టీలు గుడ్డకి గుడ్డ ఆనించి ఒక జత, అప్పుడు రెండు వైపులా గరుకు బయటికి ఉంటుంది, వేలు ఎటు వంగినా పని చేస్తుంది. మొదటి జత నిలువుగా, రెండోది కొంచెం వాలుగా, మూడోది అడ్డంగా, నాలుగోది రెండో వాలుగా, అంటే ప్రతి జతా 45 డిగ్రీలు తిప్పుకుంటూ. నాలుగు జతలైతే ఒక చుట్టు. చుట్టుకీ చుట్టుకీ మధ్య మామూలు ఎం10 వాషర్ ఒకటి, దాని మందం 2 మిల్లీమీటర్లు ఉంటుంది, ఆ సందు ఉంటేనే వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకోకుండా విడివిడిగా ఆడతాయి, దుమ్ము కూడా బయటికి పోతుంది. అలా అయిదు చుట్లు, మొత్తం నలభై పట్టీలు, నాలుగు షీట్లు. కట్టకి అటూ ఇటూ 40 మిల్లీమీటర్ల పెద్ద వాషర్, అంచు పదునుగా ఉంటే ఆకురాయితో గుండ్రం చెయ్యి, లేకపోతే ఆ అంచే పట్టీని కోసేస్తుంది. బిగించేటప్పుడు మొదట్లో మెత్తగా కుంగుతుంది, ఒక రాత్రి ఉంచి పొద్దున్నే మళ్ళీ ఒక పట్టు బిగించు.

కట్టగానే తలుపు మీదకి వెళ్ళొద్దు. కొత్త ఎమరీ క్లాత్ జిగురుతో బిర్రుగా ఉంటుంది, పట్టీలని పేర్చకముందే బల్ల అంచు మీద గుడ్డ వైపు ఆనించి కిందికి పైకి లాగితే జిగురు పొర సన్నగా పగిలి మెత్తబడుతుంది. పేర్చాక మిషన్‌కి పెట్టి, మనుషులెవరూ ఎదురుగా లేకుండా, నువ్వు కూడా తిరిగే గీతలో కాకుండా పక్కకి నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పు, ఊడేదేదైనా ఉంటే అప్పుడే ఊడిపోతుంది. తర్వాత పనికిరాని చెక్క అంచు మీద అయిదు నిమిషాలు. అప్పుడు వేళ్ళ కొసలు కుచ్చులా విచ్చుకుంటాయి, మాప్ అసలు రూపం అప్పుడొస్తుంది.

స్పీడు లెక్క ఇక్కడ చెప్పాలి, గ్రైండర్ ఎందుకొద్దన్నానో కూడా ఇందులోనే ఉంది. మాప్ అడ్డకొలత 140. నిమిషానికి 1,200 తిరిగితే కొస వేగం సెకనుకి 9 మీటర్ల లోపే, తలుపుకి ఇది చక్కగా సరిపోతుంది. డ్రిల్లు పూర్తి స్పీడు 2,800 అనుకో, 20 మీటర్లు దాటుతుంది, అక్కడే చెక్క వేడెక్కి మాడిన మచ్చలు పడతాయి. గ్రైండర్ 11,000 మీద పెడితే 80 మీటర్లు, అంటే గంటకి 290 కిలోమీటర్లు. లోపల ఫైబర్ వల వేసి రెజిన్‌తో గట్టిగా పోసిన ఫ్యాక్టరీ కటింగ్ వీల్ మీదే గరిష్ఠంగా సెకనుకి 80 మీటర్లు అని రాసి ఉంటుంది, మనం పంచ్‌తో బెజ్జాలు కొట్టిన గుడ్డని ఆ వేగానికి తీసుకెళ్ళడమా. పైగా వేలిని బయటికి లాగే బలం స్పీడుకి సమానంగా పెరగదు, స్పీడు రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది, 1,200 నించి 11,000 కి వెళ్తే లాగుడు 84 రెట్లు. 4 అంగుళాల గ్రైండర్ ఇరుసు కూడా ఎం10 త్రెడ్డే, అందుకే ఒక పొడుగు నట్టు వేసి మాప్ తగిలించాలనే ఆలోచన అందరికీ వస్తుంది, నీకూ వచ్చింది, దయచేసి చెయ్యొద్దు.

డ్రిల్లు ట్రిగ్గరు పక్కన స్పీడు తిప్పే చిన్న చక్రం ఉంటే దాన్ని సగం లోపే పెట్టుకో, ఇంపాక్ట్ డ్రిల్లు అయితే సుత్తి గుర్తు మీద కాకుండా డ్రిల్లు గుర్తు మీద ఉందో లేదో ప్రతిసారీ చూసుకో. పక్క హ్యాండిల్ తగిలించి రెండు చేతులతో పట్టుకో. తలుపుని గుమ్మానికి బిగించకముందే బల్ల మీద పడుకోబెట్టి చేస్తే నడుం బతుకుతుంది. వేళ్ళ కొసలు 10, 15 మిల్లీమీటర్లు మాత్రమే చెక్కకి తగలాలి, నొక్కితే వేళ్ళు పడుకుని వీపుతో రుద్దుతాయి, కొస పని చెయ్యదు, చెక్క వేడెక్కుతుంది. ఒకే చోట ఆపకుండా తిరుగుతూ ఉండు, ఒకసారి ఎడమ నించి, ఒకసారి కుడి నించి, ఒకసారి కింద నించి వస్తే రేకు అన్ని వైపులా సమానంగా వస్తుంది. అంచుల దగ్గర మాప్ అంచు మీద నించి బయటికి జారిపోయేలా పట్టుకో, అంచుకి ఎదురొచ్చేలా పట్టుకుంటే వేళ్ళు అంచుని పట్టుకుని మిషన్‌ని నీ మీదకి తోస్తాయి, అంచు కూడా గుండ్రమైపోతుంది.

ఇంకో మాట, లోతు ఉలి గాట్లని మాప్ తియ్యలేదు. నీ ఫోటోలో కుంభం పొట్ట మీద గాట్లు కనపడుతున్నాయి, వాటిని ముందు పదునైన ఉలితోనో గీకుడు రేకుతోనో సాపు చేసుకుని అప్పుడు మాప్ పట్టు. గాటు పోయేదాకా మాప్ పట్టుకుని కూర్చుంటే చుట్టూ ఉన్న వంపు అంతా పోతుంది గానీ గాటు అలాగే ఉంటుంది.

వరస ఇలా పెట్టుకో. 120 మాప్ నగిషీ అంతా ఒకసారి పట్టు, దుమ్ము బ్రష్షుతో దులిపెయ్. తర్వాత శుభ్రమైన గుడ్డ నీళ్ళలో ముంచి గట్టిగా పిండి నగిషీ అంతా తడి తగిలేలా తుడువు, అరగంట ఎండనివ్వు, చెయ్యి పెట్టి చూస్తే నూగు లేచి గరగరలాడుతుంది. ఆ నూగు ఇప్పుడు లేవకపోతే సీలర్ (పాలిష్‌కి ముందు వేసే కోటు) కొట్టాక లేస్తుంది, అదే అసలు బాధ. లేచిన నూగుని 180 మాప్‌తో తుడిచెయ్. మాప్ ఇంత అందంగా చేసే పని ఇంకోటి లేదు, చేత్తో ఒక్కో రేకు సందులో వేలు పెట్టి గంటలు గంటలు చేసేది పది నిమిషాల్లో అయిపోతుంది. మా మామయ్య దగ్గర పని నేర్చుకునేటప్పుడు వెదురు పుల్లకి ఉప్పు కాగితం చుట్టి రుద్దేవాళ్ళం, ఒక జత తలుపులకి మూడు రోజులు, వేళ్ళ చివర్లు ఎర్రగా అయిపోయి అన్నం కలుపుకుంటే పులుసు మండేది. ఆ తర్వాత సీలర్ ఒక కోటు, పూర్తిగా ఆరాక 320 మాప్‌ని 600, 700 స్పీడులో గాలికి తగిలినట్టు తగిలించు, అంతే. సీలర్ పచ్చిగా ఉండగా తగిలిస్తే మాప్ వేళ్ళన్నీ జిగురు ముద్దలవుతాయి.

టేకులో నూనె ఉంటుంది కాబట్టి గరుకు త్వరగా పూడిపోతుంది. పాత క్రేప్ రబ్బరు చెప్పు అట్ట ఉంటే తిరిగే మాప్‌కి ఆనించు, పూడిన దుమ్మంతా రబ్బరుకి అంటుకుని వచ్చేస్తుంది, సగం చచ్చిన మాప్ మళ్ళీ లేస్తుంది. నీళ్ళతో మాత్రం కడగొద్దు. వాడని రోజుల్లో కవర్లో కట్టి పొడిగా ఉన్న చోట పెట్టు, వానాకాలం చెమ్మకి గుడ్డ సాగి పట్టీలు వంకర తిరుగుతాయి. ఏ వేలైనా మొదట్లో చిరుగు కనపడితే దాన్ని కత్తిరించి పారెయ్, ఎదురు వైపు వేలు కూడా కత్తిరించు, బరువు సమానంగా ఉండాలి.

ఇనుప గేటుకో గ్రిల్లుకో ఒక్కసారైనా పట్టిన మాప్‌ని చెక్క మీదకి తేవొద్దు. ఇనుప రజను వేళ్ళలో ఉండిపోతుంది, చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి తడి తగలగానే నల్లటి మచ్చలు పడతాయి, ఆ మచ్చలు చెక్క లోపలికి దిగుతాయి. ఇనుముకి వేరే మాప్ చేసుకుని దానికి ఎర్ర రంగు పూసి పెట్టుకో.

మాప్ దిగలేని సందులు కొన్ని ఉంటాయి, నెమలి మెడ కింద, కుంభం మెడ దగ్గర. దానికి 6 మిల్లీమీటర్ల రాడ్డు ముక్క తీసుకుని కొసని హాక్సా బ్లేడుతో 25 మిల్లీమీటర్లు నిలువుగా చీల్చు, ఆ చీలికలో 25 అడ్డం ఉన్న ఎమరీ పట్టీ చివర పెట్టి గరుకు బయటికి వచ్చేలా నాలుగయిదు చుట్లు చుట్టు. చుట్టే వైపు ముఖ్యం, తిరిగేటప్పుడు పట్టీ చివర వెనకపడాలి. చేత్తో రాడ్డుని తిరిగే వైపుకి తిప్పి వేలు ఆనించి చూడు, నున్నగా జారితే సరైన వైపు, వేలికి అడ్డం పడితే విప్పి రెండో వైపు చుట్టు. కొస అరిగినకొద్దీ చింపేసుకుంటూ పోవచ్చు.

ఇదే మాప్ బెంచ్ మోటార్‌కి పెట్టాలనుకునేవాళ్ళు కూడా అడుగుతుంటారు. అర హెచ్‌పీ, 1,440 స్పీడు మోటారుకి 200 అడ్డకొలత మాప్ అయితే కొస వేగం సెకనుకి 15 మీటర్లు, గరిటెలు, చిన్న బొమ్మల లాంటివి చేత్తో పట్టుకుని మాప్ దగ్గరికి తెచ్చేవాళ్ళకి అది బాగుంటుంది. టేకుకి అలవాటైన చేత్తో కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి మీదకి మాత్రం వెళ్ళొద్దు, అది ఎంత మెత్తనంటే 180 కూడా ముఖం చెరిపేస్తుంది, 320 తో మొదలుపెట్టాలి.

దుమ్ము గురించి గట్టిగా చెప్తున్నా. మాప్ ఉలి లాగా పొట్టు తియ్యదు, పిండి లేపుతుంది, అది గాల్లో గంటల తరబడి ఉంటుంది. చెక్క దుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే ఖాయం చేసింది, మా పనిలో ఉన్నవాళ్ళకి ముక్కు లోపలి క్యాన్సర్లు అందుకే వస్తాయి. మొహానికి తువ్వాలు కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకో, పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి దుమ్ము బయటికి పోయేలా చూడు, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకు. టేకు దుమ్ము కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా తెస్తుంది. కళ్ళజోడు పక్కలు కూడా మూసి ఉండేది పెట్టుకో. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, వదులు గ్లౌజులు వేసుకుని ఈ పని చెయ్యొద్దు, తిరిగే ఇరుసుకి గుడ్డ చుట్టుకుంటే ట్రిగ్గరు వదిలేలోపే చెయ్యి వెళ్ళిపోతుంది. పాత ఇళ్ళ తలుపులకి చేసేవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి, మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదనే రూలు 2017 నవంబర్ నించే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉండొచ్చు, అలాంటి రంగుని మాప్‌తో పొడి చేస్తే ఇల్లంతా సీసం దుమ్మే. ముందు పెయింట్ రిమూవర్‌తో రంగు తీసి, చెక్క బయటపడ్డాకే మాప్.

ఇక నీ నెమలి ముక్కు. దాన్ని టేకు పొడి, ఫెవికాల్ కలిపి పూడ్చాలని చూడకు, పాలిష్ పడగానే అక్కడ రంగు తాగదు, మచ్చలా కనపడుతుంది. అరిగింది 2 మిల్లీమీటర్ల లోపే ఉన్నట్టుంది ఫోటోలో, కాబట్టి ముక్కుని పెంచే బదులు దాని చుట్టూ ఉన్న నేలని 2 మిల్లీమీటర్లు దించు, చిన్న ఉలితో, ముక్కు దగ్గర ఎక్కువ లోతు, దూరం వెళ్ళేకొద్దీ తగ్గిస్తూ అరచెయ్యంత వెడల్పులో కలిపెయ్, ముక్కు మళ్ళీ లేచినట్టు కనపడుతుంది. చెక్కినాయన దగ్గరలో ఉంటే ఆయన్నే పిలువు, ఆయనకి అరగంట పని. తర్వాత రెండు నెమళ్ళ ముక్కులకీ కళ్ళకీ మాస్కింగ్ టేప్ మూడు పొరలు వేసి అప్పుడే 120 మాప్ మొదలుపెట్టు, చివర్లో టేప్ తీసేసి ఆ నాలుగు చోట్లా అరిగిపోయిన 180 ముక్కని మడిచి చేత్తోనే రుద్దు. ఇరుసు చేయించాక ఫోటో పెట్టు, బిగించేలోపు ఒకసారి చూస్తాను.